గోడ లేని తలుపు

జైలు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేనాటికి మేస్త్రికి నలభై ఎనిమిదేళ్ళు. ముప్పై ఏళ్ళపాటు సొంత కొట్లో తలుపులూ కిటికీలూ చేశాడు. ఫ్యాక్టరీ తలుపులు వచ్చిపడ్డాక కొట్టు గడప తొక్కేవాళ్ళే కరువయ్యారు. ఖైదీలకు వడ్రంగం నేర్పే మనిషి కావాలని పేపర్లో చూసి, ఇంట్లో చెప్పకుండా కాగితం పెట్టేశాడు. రమ్మని ఉత్తరం వచ్చిన రోజు భార్య దాన్ని రెండుసార్లు చదివింది.

"జైలు తప్పించుకోడానికి జనం ప్లీడర్లను పెట్టుకుంటారు. మీరేంటండీ, కోరి దరఖాస్తు పెట్టుకున్నారు?"

"సాయంత్రం అయిదింటికి వదిలేస్తారు లేవే."

"సత్ప్రవర్తన మీదనా?"

మేస్త్రి నవ్వాడే గానీ, మొదటిరోజు లోపల అడుగుపెట్టాక నవ్వు రాలేదు. పొడవాటి రేకుల షెడ్డు. ఒక గోడకు పెద్ద చెక్క పలక, దాని మీద ఉలులు, రంపాలు, సుత్తులు. ఒక్కో పనిముట్టు వెనక దాని ఆకారమే తెల్లరంగుతో గీసి ఉంది. ఏది తీసినా, దాని చోటు తెల్లగా కనిపించి ఊరంతా చాటుతుంది.

"ఒక్క ఉలి తగ్గినా మీతో సహా ఎవరూ బయటికి పోరు మేస్త్రిగారూ," అన్నాడు వార్డరు.

శిష్యులు పద్నాలుగు మంది. మొదటి వారమంతా ఆయన గోడకు వీపు ఆనించే పాఠం చెప్పాడు. ఎవరు ఏం చేసి వచ్చారో అడగకూడదని తనకు తానే ఒట్టు పెట్టుకున్నాడు. తెలిస్తే చేతికి ఉలి ఇవ్వలేనేమోనని భయం.

ఆ పద్నాలుగు మందిలో ఒకతన్ని అందరూ గడియారం అని పిలిచేవారు. చేతికి వాచీ లేకపోయినా, రేకుల మీద ఎండ చిటపటలు విని టైము ఎంతో చెప్పేసేవాడు. అయిదు నిమిషాలకు మించి తేడా వచ్చేది కాదు. బయట ఉన్నప్పుడు బావులు తవ్వేవాడట. పారలాంటి ఆ చేతులకు చిత్రిక పట్టడం రాదనుకున్నాడు మేస్త్రి. ఆరు నెలలు తిరక్కుండానే, కళ్ళు మూసుకుని బొటనవేలితో చెక్కను తడిమి "ఇక్కడ కాగితం మందం ఎత్తుంది" అనేవాడు గడియారం. మూలమట్టం పెట్టి చూస్తే నిజంగానే ఉండేది.

స్టూళ్ళు, బల్లలు చేస్తూ రెండేళ్ళు గడిచాయి. అప్పుడు ఊళ్ళో కట్టే పిల్లల ఆసుపత్రికి నలభై తలుపులు కావాలని జైలుకు పని వచ్చింది. మొదటి తలుపు గడియారానికి అప్పగించాడు మేస్త్రి. మూడు వారాల్లో రెక్క తయారైంది. సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి కదా! షెడ్డు నడిమధ్య ద్వారబంధాన్ని నిలబెట్టి, అటూ ఇటూ ఆసరాలు కొట్టి, మడతబందులతో రెక్క బిగించారు. దాని చుట్టూ గోడ లేదు, వెనక గది లేదు.

"తీసి చూడు పెద్దాయనా," అన్నాడు మేస్త్రి.

గడియారం కదల్లేదు. తలుపు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏం? నువ్వు చేసిందేగా!"

"తలుపు తీసి ఇరవై ఒక్కేళ్ళయింది మేస్త్రీ."

మేస్త్రికి అర్థం కాలేదు.

"గది తలుపు, భోజనాల తలుపు, స్నానాల తలుపు... అన్నీ వాళ్ళే తీస్తారు, వాళ్ళే వేస్తారు. మేం ముందు నిలబడతాం, అంతే. ఇప్పుడు కూడా ఎవరో వచ్చి తీస్తారని నిలబడిపోయాను."

షెడ్డులో రంపాలు ఆగిపోయాయి. మేస్త్రి చేతి మీదుగా వేల తలుపులు పోయాయి. గాలికీ దొంగకూ అడ్డం అనుకున్నాడే తప్ప, తెరవడం కూడా ఒక మనిషికి దక్కని భాగ్యం కావచ్చని ఏనాడూ తోచలేదు.

గడియారం అరచేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. పిడి పట్టుకుని తోశాడు. చప్పుడు లేకుండా రెక్క తెరుచుకుంది. అవతలికి వెళ్ళి వెనక్కి తిరిగి మెల్లగా మూశాడు. అవతల ఉన్నదీ అదే షెడ్డు, అదే చిత్రిక పొట్టు. అయినా చాలాసేపు అక్కడే ఉండిపోయాడు.

తర్వాత ఎవరూ పిలవకుండానే మిగతా పదమూడు మందీ వరుస కట్టారు. రెండడుగులు పక్కకేస్తే చుట్టూ తిరిగి పోవచ్చు. ఒక్కడూ అలా పోలేదు. వరుసలో చివరివాడు తలుపు తట్టాడు.

"ఎవరూ?" అని అవతల్నుంచి కేక.

"చుట్టాలం!"

"తర్వాత రండి, ఇంట్లోవాళ్ళంతా జైల్లో ఉన్నారు!"

అందరూ పగలబడి నవ్వారు. నవ్వుతున్నవాళ్ళలో ఇద్దరు కళ్ళు తుడుచుకోవడం మేస్త్రి చూశాడు. తాళాలగుత్తి చప్పుడు కాకుండా పిడికిట్లో బిగించి నిలబడ్డ వార్డరు, "రోజుకు రెండొందల సార్లు తీస్తాను, ఇలా మాత్రం ఒక్కసారీ తీయలేదు," అన్నాడు.

ఆ సాయంత్రం ఈ సంగతి చెబితే భార్య హాస్యమాడలేదు. "ఆ తలుపు ఆసుపత్రికి పంపకండి," అంది.

మర్నాడు మేస్త్రి సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళాడు. "నలభై ఒకటి చేస్తామండీ. మొదటిది మా షెడ్డులోనే ఉండనివ్వండి."

"గోడ లేని తలుపుకు ఏ రూలు కింద అనుమతి ఇవ్వనయ్యా?"

"వద్దని ఏ రూలూ అనడం లేదు కదండీ."

ఆయన నవ్వి, ఫైల్లో 'బోధన సామగ్రి' అని రాశాడు. ఆనాటి నుంచి షెడ్డుకు కొత్తగా వచ్చినవాడికి మొదటి పాఠం అదే: తలుపు తీసి లోపలికి రావడం.

ఆసుపత్రి తెరిచాక వెళ్ళి తలుపులు చూసి వచ్చిన మేస్త్రిని గడియారం ఒకే ఒక్క మాట అడిగాడు. "చప్పుడు చేస్తున్నాయా?"

"లేదు. నర్సమ్మ తలుపు తీసుకుని వచ్చినా నిద్రపోయే పిల్లలు లేవడం లేదు."

గడియారం తన చేతులకేసి చూసుకున్నాడు. "మీరెప్పుడూ అడగలేదు. తాగి, తోటి పనివాణ్ణి బావిలోకి తోశాను మేస్త్రీ, ఈ చేతులతోనే. నలభై కాదు, నాలుగు వేల తలుపులు చేసినా వాడు తిరిగి రాడు. అది తెలిసే ఈ తలుపులు చేశాను."

ఏళ్ళ తరబడి భయపడ్డ మాట అది. మేస్త్రి విన్నాడు. విని, ఓదార్చబోలేదు, మొహం తిప్పుకోలేదు. ఇంత బరువు మోస్తున్న చేతులు కాగితమంత ఎత్తును ఎలా పసిగట్టాయా అని వాటికేసి చూశాడు. చివరికి పలక మీది ఉలి తీసి అతని చేతికిచ్చాడు.

మరో మూడేళ్ళకు గడియారం విడుదలై, చెల్లెలి ఊళ్ళో ఒక కొట్లో పనికి కుదిరాడు. మేస్త్రి రిటైరైన ఏడాది ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. మంచినీళ్ళు తాగుతూ వంటింటి కిటికీ కేసి చూసి, "వానకు ఉబ్బింది, సరిగ్గా మూతపడటం లేదు కదమ్మా?" అన్నాడు.

"మీ మేస్త్రికి నాలుగు నెలలుగా చెబుతున్నానయ్యా," అంది మేస్త్రి భార్య.

మేస్త్రి గొణుక్కుంటూ చిత్రిక తెచ్చాడు. మధ్యాహ్నందాకా ఇద్దరూ కిటికీ పని చేశారు. నేలంతా పరుచుకున్న పొట్టును ఎవరు ఊడ్వాలన్న దాని మీద మాత్రం గురుశిష్యులకు తగవు తెగలేదు.