మంచే రాసిన కాగితం

ఆ దర్జీ కుట్టుమిషన్ మీద సంపాదించేది సగం ఖర్చులకే సరిపోయేది. చలిదేశాల నుంచి చదువుకోవడానికి వచ్చే ఆడపిల్లలను ఇంట్లో ఉంచుకుంటే కాలేజీ ఇచ్చేదే మిగతా సగం. మొగుడు పోయాక తొమ్మిదేళ్లుగా అలాగే నెట్టుకొస్తోంది.

ఈసారి వచ్చిన పిల్ల ఉక్కకు తామరరేకులా కందిపోయేది. దర్జీ ఆమెకు పల్చటి నూలు గౌన్లు కుట్టిపెట్టింది. కూతురు తన గదీ ఫ్యానూ వదిలేసి వంటింట్లో చాప పరుచుకుంది. పిల్ల "పిన్నీ" అని పిలిస్తే మిషన్ చప్పుడు కూడా మెత్తబడేది.

ఇల్లు ఎలా ఉందో రాయమని కాలేజీ ఇచ్చిన కాగితంలో పిల్ల మనసంతా కుమ్మరించింది. నా కోసం అక్క వంటింట్లో పడుకుంటోంది, ఇలాంటి మనుషులను నేనెక్కడా చూడలేదని రాసింది.

మర్నాడే కాలేజీ గుమాస్తా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంట్లోవాళ్ల గది ఖాళీ చేయించి పిల్లల్ని పెట్టుకోకూడదమ్మా, అది రూలు. మీ పేరు కొట్టేశారు. అమ్మాయిని ఇప్పుడే తీసుకెళ్లాలి."

"ఎవరు చెప్పారు బాబూ?"

గుమాస్తా పిల్ల వైపు చూశాడు.

"నేను మంచే రాశాను పిన్నీ!"

"మంచే రాశావు తల్లీ. మేమంటే గిట్టకపోయుంటే ఇంతదాకా వచ్చేది కాదు," అంది దర్జీ, ఇంకా తడి ఆరని గౌన్లు మడతపెడుతూ.

"పోనీలే, ఇక కాళ్లు బారజాపుకుని పడుకుంటా," అని కూతురు నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆటో ఎక్కుతూ పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. "వెళ్లగానే ఉత్తరం రాస్తాను పిన్నీ."

"వద్దులే అమ్మా," అంది దర్జీ. "మా గురించి ఇంకేమీ రాయకు."