నూకరత్నం దాటిన గడప

మా పక్క వాటాలో అద్దెకు దిగిన నూకరత్నం ఎస్. రాయవరం మనిషి. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. నర్సీపట్నం బజారులో జాకెట్లు కుడుతుంది. ఎక్కడికైనా చక్రాల కుర్చీలోనే. ఎవరి సాయమూ లేకుండా తన ఇంట్లోకి తాను వెళ్ళాలి, అదొక్కటే ఆమె కోరిక. అలాంటి ఇల్లు దొరక్క ఐదారు గుమ్మాలు చూసి ఇక్కడికి వచ్చింది.

ఇంటి ఓనరు తలుపులమ్మగారు మంచి మనిషే. అడగ్గానే మెట్ల మీద ర్యాంపు కట్టించింది. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ వేయించింది. తీరా ఏనుగు పోయి తోక చిక్కినట్టు, కుర్చీ వెళ్ళి గడప దగ్గర ఆగిపోయింది.

"గడప తీయించీమంటావేటే పిల్లా? లచ్చిందేవి కూకునే సోటది! నా పేణం పోయినా తియ్యనివ్వను," అందావిడ.

"అలాగేలెండి పిన్నిగారూ," అంది నూకరత్నం.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. అయినా నోరు మూసుకున్నాను, నేనూ ఆవిడ ఇంట్లో అద్దెకున్నదాన్నే కదా!

ఆ రోజు నుంచి నూకరత్నం గుమ్మం ముందు కుర్చీ దిగేది. గడప మీద కూర్చోకూడదని, రెండు చేతులూ అవతల ఆనించి, ఒళ్ళంతా ఎత్తి లోపల పడేది. తర్వాత కుర్చీని లాక్కునేది.

ఒక శుక్రవారం తలుపులమ్మగారు గడపకు పసుపు రాసి ఇంకా లేవనే లేదు. షాపు నుంచి వచ్చిన నూకరత్నం చెయ్యి ఆ తడి పసుపు మీద జారింది. గడపకు కొట్టుకుని పెదవి చిట్లింది.

"పసుపు సెరిపేసేనండి పిన్నిగారూ," అంది, రక్తం తుడుచుకోకుండానే.

తలుపులమ్మగారు పసుపు గిన్నె అక్కడే వదిలేసి విసవిసా వెళ్ళిపోయింది. ఇల్లు ఖాళీ చేయమంటుందేమోనని హడలిపోయాను.

తెల్లారేసరికి వడ్రంగి కొండన్నను వెంటబెట్టుకుని వచ్చింది. "సూత్తావేటిరా? బేగి కొయ్యి!" అని కసిరి, రంపం ఆడినంతసేపూ కళ్ళు మూసుకుని దణ్ణం పెడుతూనే ఉంది. ఆ పెద్దావిడంటే నాకు అప్పుడు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

మళ్ళీ శుక్రవారం అలవాటు కొద్దీ పసుపు గిన్నెతో వచ్చింది. రాయడానికి గడప లేదు. ఇంతలో నూకరత్నం ర్యాంపు ఎక్కి వచ్చింది. ఆవిడ వంగి కుర్చీ చక్రాలు రెండింటికీ పసుపు రాసి బొట్టు పెట్టింది.

"లచ్చిందేవి దీన్లోనే వత్తాది కాబోలు. దిగకే, లోపలికెల్లు," అంది.

నూకరత్నం దిగకుండానే లోపలికి వెళ్ళింది.