ఊల్కనవ్వ సమోవార్ ఉపవాసం

నారిన్ లోయలో ఆ వీధి మొత్తానికి ఊల్కనవ్వ టీ అంటే ప్రాణం. కోడలు వచ్చిన ఇంట్లో టీ పోసే పని కోడలిదేనని ఊరి ఆచారం. కానీ అనార్కాన్ కాపురానికొచ్చిన మొదటిరోజే అవ్వ, టీ నీళ్లు కాచే కొళాయి పాత్ర సమోవార్ పక్కన చతికిలబడి, "నువ్వలా కూర్చో పిల్లా, ఇది నా కొలువు" అంది. పన్నెండేళ్లయినా ఆ కొలువు వదల్లేదు. చిక్కటి డికాక్షను, పాలు, చిటికెడు ఉప్పు. తాగే గిన్నె మాత్రం సగానికే నింపేది. సగం పోస్తే మనిషి మళ్లీ చెయ్యి చాస్తాడు, చాచిన ప్రతిసారీ ముఖం చూడొచ్చు. నిండా పోస్తే తాగేసి లేచి వెళ్లమన్నట్టేగా!

అలాంటి ఇంట్లో అనార్కాన్ నాలుగో కాన్పు తర్వాత కోలుకోలేదు. నెలనెలా ఒంట్లో నెత్తురంతా పోతున్నట్టే ఉండేది. పెదవులు పాలిపోయాయి. పాలబిందెతో పెరడు దాటేసరికి గోడకు ఆనుకుని నిలబడేది. పైగా మట్టిపొయ్యి మూల రోజురోజుకీ అరిగిపోతోంది. ఎలుకల పని అనుకుంది అవ్వ. ఒకరోజు ఉతకడానికి తీసిన కోడలి గౌను జేబులో మట్టిపెళ్ల దొరికింది. దాని మీద పంటిగాట్లు.

"మా పొయ్యిని తిన్నది నువ్వా తల్లీ?"

అనార్కాన్ తల వంచుకుంది. "నోరు ఊరుకోవడం లేదత్తమ్మా. వాన పడ్డ మట్టి వాసనొస్తే ఆగలేకపోతున్నా."

అవ్వ కోప్పడలేదు. కోడలిని చెయ్యి పట్టుకుని ఊరి వైద్యశాలకు నడిపించుకెళ్లింది. నర్సు బర్మెట్ నెత్తురు తీసి చూసి కళ్లజోడు సర్దుకుంది.

"లీటరు నెత్తురులో హిమోగ్లోబిన్ నూట ఇరవై గ్రాములుండాలమ్మా. డెబ్బై ఎనిమిదుంది. ఒంట్లో ఇనుము అడుగంటింది, మట్టి మీద మనసు పోవడం కూడా అందుకే." జిల్లా డాక్టరుకు చూపించి నెలసరికి వేరే మందు రాయించింది. ఇనుము మాత్రలు చేతిలో పెట్టి, "మలం నల్లగా వస్తుంది, కంగారు పడొద్దు" అని చెప్పింది. చివర్న అసలు మాట అంది: "నూటపది దాటకపోతే ఈ వేసవిలో కొండ మీది మేతలకు పోవడం లేదు. పోయినేడు ఆడగుర్రం పాలు పిండుతూ పడిపోయావట కదా. అక్కణ్ణించి ఆసుపత్రికి రెండు రోజుల దారి."

అనార్కాన్ కళ్లు నిండాయి. ఆమె పుట్టింది ఆ కొండ మీదే, ఉన్నిగుడారంలో. ఏడాదికి ఆ మూడు నెలలే ఆమె బతుకు. ఆమె కింద ఉండిపోతే పిల్లలూ ఉండిపోవాలి, భర్త కుబాత్ మందలతో ఒక్కడే పోవాలి.

"దేవుడి దయవల్ల కొండ ఎక్కుతావు. మాత్రలు నేనే దగ్గరుండి మింగిస్తా" అని అవ్వ మాటిచ్చింది.

మాట తప్పలేదు. తెల్లవారగానే బిస్మిల్లా చెప్పి, కోడలి అరచేతిలో మాత్ర పెట్టి, వేడివేడి పాల టీ తానే అందించేది. మామూలు టీ కాదు, మందు బాగా దిగాలని మరింత చిక్కటి టీ. గొర్రె కార్జం వేయించిపెట్టినా పక్కన టీ ఉండాల్సిందే. ఆరువారాలు ఒక్కపూట తప్పకుండా ఇదే సేవ.

ఆరువారాలకు ఎనభైయొకటి వచ్చింది. పొయ్యి మూల ఇంకా అరుగుతోంది.

బర్మెట్‌కు నమ్మకం కలగలేదు. "మాత్రలు పారేస్తున్నావా ఏంటి?" అనడిగింది. "నా కోడలి మీద నింద వేస్తావా? రేపు పొద్దున్నే వచ్చి నీ కళ్లతో చూడు!" అని అవ్వ గయ్యిమంది.

మర్నాడు నర్సు వచ్చి కూర్చుంది. అవ్వ గర్వంగా మాత్ర తీసింది, బిస్మిల్లా అంది, గిన్నె అందించింది. బర్మెట్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"అవ్వా! ఇనుము ఒంటికి పట్టకుండా టీ పట్టేసుకుంటుందే! పాలు కూడా అంతే. మాత్ర లోపలికి పోయి, చూసుకుని, తిరిగొచ్చేస్తోంది. ఈ ముక్క ముందే చెప్పకపోవడం నా తప్పు."

అవ్వ చెయ్యి సమోవార్ కొళాయి మీదే ఆగిపోయింది.

"అయితే నా బిడ్డ నోటికాడ ముద్ద లాగేసింది నేనేనా?"

"అయ్యో, ప్రేమతోనే కదా" అంటూ నర్సు ఆమె భుజం నిమిరింది. "మాత్రకూ భోజనానికీ ముందు గంట, తర్వాత రెండు గంటలు టీ వద్దు. మాత్రతో అడవిగులాబీ కాయలు నానబెట్టిన పుల్లటి నీళ్లివ్వు."

ఆరోజంతా అవ్వ నమాజు చాప మీదే ఉంది. సాయంత్రం లేచి సమోవార్ తోమి, గుడ్డ కప్పి, అటక మీద పెట్టింది.

"మీరెందుకు మానడం అత్తమ్మా? మీరు తాగండి."

"నీ ఎదురుగా కూర్చుని చప్పరిస్తానా? నా గొంతు దిగుతుందా? వేళైనప్పుడు ఇద్దరం కలిసే తాగుదాం."

మూడోరోజు మధ్యాహ్నం పక్కింటి సైరావ్వ వచ్చింది. నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెముక్కలున్నాయి, మాంసముంది, ఎండు పండ్లున్నాయి, టీ లేదు.

"ఏమే ఊల్కన్, సమోవార్ చచ్చిందా? చెప్పుంటే ఏడవడానికి పదిమందిని తెచ్చేదాన్ని."

"చావలేదు, ఉపవాసముంది. నాలుగింటికి విడుస్తుంది, అప్పుడు రా."

సైరావ్వ గొణుక్కుంటూ పోయింది. కానీ నాలుగింటికి వచ్చింది, వెంట ఇంకో ముగ్గుర్ని తెచ్చింది. సంగతి విని, మర్నాడు వస్తూ వస్తూ తన కొట్టులోని అడవిగులాబీ కాయల మూట మోసుకొచ్చింది. "నీ కోడలికి కాదులే, నాకు టీ తొందరగా దొరకడానికి" అని దెప్పింది. నెల తిరిగేసరికి ఆ వీధిలో నాలుగిళ్లలో టీ భోజనానికి దూరంగా జరిగింది. పాలిపోయిన కోడళ్లు ఆ ఇళ్లలోనూ ఉన్నారు మరి.

పొయ్యి మూల అరగడం ఎప్పుడాగిందో ఎవరూ గమనించలేదు, అవ్వ తప్ప. ఆమె తడిమట్టి తెచ్చి ఆ గుంట పూడ్చింది. వారమైనా అది చెక్కుచెదరలేదు. అప్పుడు ఎవరికీ కనబడకుండా కళ్లు తుడుచుకుంది.

జూన్‌లో మందలు కదలడానికి రెండు రోజుల ముందు బర్మెట్ కాగితం ఊపుకుంటూ గుమ్మంలోకొచ్చింది. "నూట పద్నాలుగు! కానీ మాత్రలు ఇంకో మూడు నెలలు వేసుకోవాలి, అడుగున నిల్వ చేరాలిగా. మూట కట్టి తెచ్చా." పిల్లలు చేసిన గోలకు గొర్రెలు బెదిరాయి.

కనుమ ఎక్కేటప్పుడు అవ్వ గుర్రం దిగి నాలుగడుగులు నడిచి ఆయాసపడింది. పసివాణ్ణి వీపున కట్టుకున్న అనార్కాన్ పైమలుపులో నిలబడి నవ్వుతోంది. ఎండకు బుగ్గలు ఆపిల్ పండ్లలా ఉన్నాయి.

"ఏంటత్తమ్మా, నిలబడిపోయారు?"

"ముసలిదాన్ని ఎగతాళి చేస్తావా? ఉండు, నీ మాత్రలు దొంగిలిస్తా!"

పైన గుడారం లేచింది. భోజనమయ్యాక గుర్రాల్ని కట్టే గుంజ నీడకు కాస్త దూరంలో అవ్వ ఒక రాయి పెట్టింది. నీడ రాయిని తాకితే రెండు గంటలైనట్టు. పిల్లలు నలుగురూ దాని చుట్టూ కాపలా కూర్చున్నారు. చివరికి "తాకింది నాయనమ్మా, తాకింది!" అని కేకలేశారు.

సమోవార్ మీది గుడ్డ తీసింది ఊల్కనవ్వ. కోడలు గిన్నె చాచింది. అవ్వ సగానికే పోసి, ఆ ముఖం వంక చూసింది.