లైవ్‌ను వెనక్కి నడిపిన మా బాపు

మా బాపు సదయ్య ఏ సంగతినీ ఒక్కసారి చూసి వదిలిపెట్టిన మనిషి కాదు. టీవీలో ఎవరేం మాట్లాడినా రిమోట్ ఎత్తి, "నాకు సమజ్ కాలె, మల్ల జూద్దాం" అనేవాడు. గోదావరిఖని అంతా ఎనిమిదింటికి చూసి ముగించిన వార్తలు తొమ్మిదైనా మా ఇంట్లో సగం దాటేవి కావు. తెర మీద ఒక మూల ఎర్రగా ‘లైవ్’ అని రాసి ఉండేది. మా ఇంట్లో అంతకన్నా పచ్చి అబద్ధం ఇంకొకటి ఉండేది కాదు.

బాపు బొగ్గుబావిలో హాలేజీ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. ఇంజనుకు చుట్టిన ఇనుప తాడుతో పట్టాల మీది బొగ్గు టబ్బులను గని లోపలికి వదలడం, బొగ్గు నిండాక పైకి గుంజడం ఆయన పని. తాడు అవతలి కొసన ఏం జరుగుతోందో ఆపరేటరుకు కనబడదు. అక్కడున్న మనిషి గంట కొడతాడు, దాన్నిబట్టి ఈయన నడపాలి. ఈ పాఠం నాకు చిన్నప్పుడే అన్నం ముద్దలతో పాటు తినిపించాడు.

"ఒక్కపారి కొడితె ఆపాలె. రెండుపార్లు కొడితె ముందుకు గుంజాలె. మూడుపార్లు కొడితె ఎన్కకు వదలాలె. గంట రాకుంట తాడు కదిలిచ్చినోడు ఆపరేటరే కాదు బిడ్డా."

"మరి నీ నోటికి గంట ఎవలు కొడుతున్నరయ్యా, గింత ఆగకుంట నడుస్తున్నది?" అనేది మా అమ్మ అనసూర్య.

కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి సొంతంగా కట్టుకున్న రెండు గదుల ఇంట్లో చేరిన ఏడాదికి, కేబుల్ శివ కొత్త సెట్‌టాప్ బాక్సు పట్టుకొచ్చాడు.

"కాకా, దీంట్ల లైవ్‌ను గూడ ఆపచ్చు. ఎన్కకు గూడ తీసుకపోవచ్చు."

"నడుస్తున్నదాన్నా?"

"నడుస్తున్నదాన్నే."

"తాడు తెగదు గద?"

"తాడెక్కడిది కాకా. అంత లోపట రికార్డయితది."

బాపు శివ చేతిలోంచి రిమోట్ తీసుకున్నాడు. ఆ తర్వాత దాన్ని మేమెవరం దగ్గరగా చూసింది లేదు. స్నానానికి పోయినా బాత్రూం కిటికీలో పెట్టుకునేవాడు.

మొదట దెబ్బ తగిలింది క్రికెట్‌కు. పక్కింటి పూలమ్మక్క కొడుకు ముత్యం, వాడి దోస్తులు వికెట్ పడగానే కప్పు ఎగిరిపోయేట్టు అరిచేవాళ్లు. మా ఇంట్లో ఆ బౌలరు ఇంకా ప్యాంటుకు బంతి రుద్దుకుంటూ ఉండేవాడు. ఒకరోజు బాపు గోడ దగ్గరికి పోయి చాలా మర్యాదగా అడిగాడు.

"ముత్యం, జర మెల్లగ ఒర్రున్రి బిడ్డా. మా ఇంట్ల ఆయిన ఇంకా ఉరుకుతనే ఉన్నడు."

"ఔటయిపాయె కాకా."

"మీ ఇంట్ల అయిండు. మా ఇంట్ల ఇంకా రెండు ఫోర్లు కొట్టేదున్నది."

తర్వాత అమ్మ సీరియల్. అందులో అత్త కోడలి చెంప మీద కొట్టింది. బాపు వెనక్కి తిప్పాడు. మళ్లీ కొట్టింది. ఇంకోసారి తిప్పాడు.

"ఆ పిల్లను ఎన్నిసార్లు కొట్టిస్తవయ్యా? ఆమె అత్తనే నయం, ఒక్కటి కొట్టి ఊకున్నది" అంది అమ్మ.

"ఎందుకు కొట్టిందో సమజ్ కాలె."

"నీ బుర్రకు సమజయ్యేసరికి ఆ పిల్లకు పిల్లలు పుడతరు."

కాలనీలో ఆయన పేరు రివైండు సదయ్య అయిపోయింది. పాల దుకాణం దగ్గర "కాకా, మీ ఇంట్ల ఇయ్యాల ఏం వారం?" అని అడిగేవాళ్లు. మొద్దు బుర్ర అని కూడా అనుకునేవాళ్లు. బాపు అందరికీ నవ్వుతూ ఒకటే జవాబు చెప్పేవాడు. "ఔ బిడ్డా, నా నెత్తి జర లేటు."

ఈ లేటు టీవీకి ఊరంతటికీ ఒక్కడే అభిమాని, ఫరీద్ కాక. బాపు గని పైన తాడు నడిపిన ఏళ్లన్నీ కింద గంట కొట్టింది ఆయనే. రిటైరయ్యాక హోటల్ దగ్గర కూర్చోవడం మానేశాడు, పెళ్లిళ్లకు పోవడం మానేశాడు. సాయంత్రం కాగానే మా ఇంటికి మాత్రం వచ్చి, టీవీకి దగ్గరగా ఉన్న ఇనుప కుర్చీలో కూర్చునేవాడు. మాట తక్కువ. బాపు నవ్వితే నవ్వేవాడు, బాపు పళ్లు కొరికితే తనూ కొరికేవాడు. ఆయనకున్న ఒకే ఒక చెడ్డ అలవాటు, వేలికున్న వెండి ఉంగరంతో కుర్చీ చేతి మీద టక్ టక్ టక్ మని కొట్టడం. నేను పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే ఆ చప్పుడుకు నాకు లెక్క తప్పేది.

"కాకకు జర చెప్పు బాపూ" అన్నాను ఒకసారి.

"నీకు అడ్డమైతె నువ్వు అవుతలి అర్రల కూసో" అన్నాడు బాపు. నాతో ఆయన అంత కటువుగా మాట్లాడటం అరుదు.

తెలంగాణ బిల్లు ఢిల్లీలో ఇవాళో రేపో అన్నట్టున్న ఫిబ్రవరిలో, సరిగ్గా అప్పుడే, మా బాక్సు వెనక్కి పోవడం మానేసింది. బటన్ నొక్కితే తెర మీద ఇంగ్లిషులో ఏదో ఒక ముక్క మెరిసి మాయమయ్యేది. టీవీ ముందుకే పోయేది, అందరి ఇళ్లలో పోయినట్టే. బాపు అన్నం సగంలో వదిలేసి లేచాడు.

శివ వచ్చి రిమోట్ సెల్లులు మార్చాడు. కాలేదు. బాక్సు ఆపి, కాసేపాగి వేశాడు. కాలేదు.

"నడుమ ఛానల్ మార్చిన్రా కాకా? ఛానల్ మారిస్తె ఎన్కటిదంత పోతది."

దాంతో మా ఇంట్లో ఛానల్ మార్చడం నేరమైంది. అమ్మ రెండు రోజులు సీరియల్ లేకుండా వార్తలు చూసింది. పార్లమెంటులో ఎవరు ఎవరికి ఏమవుతారో ఆమెకు సీరియల్ కన్నా తొందరగా అర్థమైంది.

"కరెంట్ వోయినా పోతది కాకా" అన్నాడు శివ మరుసటి రోజు. బాపు లైన్‌మన్‌కు ఫోన్ చేసి, తీసే ముందు ఒక మాట చెప్పి తియ్యమన్నాడు. ఇన్నేళ్లలో తనను అలా అడిగిన మనిషి బాపు ఒక్కడే అన్నాడట ఆ లైన్‌మన్.

చివరికి బాపే ఒక రోగం కనిపెట్టాడు. బాక్సు మీద చెయ్యి పెట్టి చూసి, "దీనికి గాలి ఆడ్తలేదు. బాయిల గాలి లేకపోతె మనిషే పనిజెయ్యడు, డబ్బా ఎట్ల జేస్తది?" అన్నాడు. మా ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాను బాక్సు ముందుకు పోయింది. చల్లగా, హాయిగా, పని చెయ్యకుండా కూర్చుంది బాక్సు.

ఈ నాలుగు రోజులూ ఫరీద్ కాక రాలేదు.

"ఫరీదన్న వస్తలేడేందయ్యా?" అంది అమ్మ.

"బాక్సు బాగైతెనే వస్తడు."

"ఇద్దరికి ఒక్కటే పిచ్చి" అన్నాను నేను. బాపు వాకిట్లోకి పోయి కాక వచ్చే సందు వైపు చూస్తూ నిలబడ్డాడు.

అసలు జబ్బు ఐదో రోజు బయటపడింది. శివ బాక్సులో ఏవేవో నొక్కి, మెల్లగా అమ్మ వైపు తిరిగాడు. "చిన్నమ్మా, ఇండ్ల జాగ లేదు. అంత నిండిపోయింది. ఏం రికార్డ్ జేసినవ్?"

అమ్మ మోకాళ్ల నొప్పులతో ఆ ఏడు మేడారం పోలేకపోయింది. అందుకని సమ్మక్క సారలమ్మ జాతర లైవ్ వచ్చినంతసేపూ, రోజుల తరబడి, ఒక్క నిమిషం పోకుండా రికార్డు చేయించుకుంది. అమ్మవార్లు, లక్షల మంది జనం, ఎడ్లబండ్లు, అందరూ వచ్చి మా బాక్సులో కూర్చున్నారు. ఇక వెనక్కి జరగడానికి లైవ్‌కు చోటెక్కడిది?

"తీసేస్తె అయిపోతది చిన్నమ్మా. ఒక్క బటనే."

"ఏంది తీసేసేది? తల్లిని తీసేస్తవా? నీ చెయ్యి ఎట్లొస్తదిరా?"

శివ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ రోజుకు బాక్సు జోలికి ఎవరూ పోలేదు. తెల్లారితే బిల్లు మీద ఢిల్లీలో ఆఖరి మాట వచ్చే రోజు. బాపు అమ్మను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు. ఏం మాట్లాడుకున్నారో వినబడలేదు. బయటికి వచ్చేసరికి అమ్మ మొహం మారిపోయింది.

"శివా, రేపు పొద్దుగాల రా. తానం జేసి రా" అంది.

మర్నాడు అమ్మ సెట్‌టాప్ బాక్సుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. ముందు బెల్లం ముద్ద పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. కొబ్బరినీళ్లు వైర్ల మీద పడకుండా శివ తువ్వాల అడ్డం పెట్టాడు. "తల్లీ, జాతరైపోయింది, అడవికి వోయేటియాళ్ల అయింది. మల్ల రెండేండ్లకు నేనే నీ దగ్గరికొస్త" అని అమ్మ దండం పెట్టింది. శివ కళ్లు మూసుకుని బటన్ నొక్కాడు. బాపు రిమోట్ అందుకుని వెనక్కి తిప్పాడు. వార్తలు చదివే అమ్మాయి చక్కగా వెనక్కి పోయింది. అందరం బెల్లం తిన్నాం.

బాక్సు బాగైందని కబురు పంపినా, ఆ సాయంత్రం ఫరీద్ కాక నమాజుకు పోయి ఇంకా రాలేదు. ఢిల్లీలో ఓట్ల మాట మొదలవుతుండగా బాపు టీవీ ఆపేశాడు. తెర మీద ఒకాయన నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాడు.

"నడుపు కాకా" అన్నాడు బాక్సుకు కాపలాగా మా ఇంట్లోనే ఉండిపోయిన శివ.

"ఆగుదాం."

వీధిలో పటాకులు మొదలయ్యాయి. డప్పులు మోగాయి. మొహం నిండా గులాబి రంగు పూసుకుని ముత్యం కిటికీలోకి తొంగిచూశాడు. "కాకా, తెలంగాణ వచ్చింది."

"మీ ఇంట్ల వచ్చింది, మంచిదే. మా ఇంట్ల ఇంకా మాట్లాడుతున్నరు."

"వచ్చిందన్నంక గూడ ఆపుతవేందయ్యా" అనేది మామూలుగా అయితే అమ్మ. ఆ రోజు మాత్రం తనూ వాకిలి వైపే చూస్తూ కూర్చుంది. ఫరీద్ కాక వచ్చాడు. తెల్ల టోపీ మీద ఎవరో పూసిన రంగు.

"బయట ఏందో లొల్లి లొల్లి ఉన్నది సదయ్యా. అందరు గుంజి అలాయ్ బలాయ్ తీసుకుంటున్నరు. నేనైతె మన టీవీల జూసినంకనే నమ్ముత."

బాపు నడిపించాడు. బిల్లు పాసయిందన్న మాట వచ్చింది. గదిలో అందరం ఒక్కసారి అరిచాం. ఫరీద్ కాక ఉంగరం టక్ టక్ టక్ మంది. "సమజ్ కాలె" అని బాపు వెనక్కి తిప్పాడు. మళ్లీ పాసయింది, మళ్లీ అరిచాం, మళ్లీ టక్ టక్ టక్. మూడోసారికి అరిచే ఓపిక ఎవరికీ లేదు. గది నిశ్శబ్దంగా ఉంది. బాపు సౌండు చివరిదాకా పెంచాడు. ఆ మాట వచ్చాక ఫరీద్ కాక కుర్చీలోంచి లేచి, "వచ్చిందిరో సదయ్యా" అని బాపును పట్టుకున్నాడు. ఊరందరికీ ఒకసారి వచ్చిన తెలంగాణ మా ఇంటికి మూడుసార్లు వచ్చింది.

రెండేళ్ల తర్వాత బాపు పోయాడు. దవాఖానలో పెద్ద డాక్టరు ఎక్స్‌రే చూపించి ఇంగ్లిషు కలిపి చాలాసేపు చెప్పాడు. బాపు ఎక్కడ మళ్లీ మొదటి నుంచి చెప్పమంటాడోనని నేను భయపడ్డాను. "సమజయింది సారు" అన్నాడు బాపు, ఒక్కసారికే.

దినాలు అయిపోయిన తర్వాత ఒక సాయంత్రం ఫరీద్ కాక వచ్చి ఎప్పటి ఇనుప కుర్చీలో కూర్చున్నాడు. టీవీ పెట్టాను. రిమోట్ మొదటిసారి నా చేతిలో ఉంది. వార్తలు పోతున్నాయి. ఉంగరం టక్ టక్ టక్ మంది. నేను చూస్తూ కూర్చున్నాను. ఇంకోసారి టక్ టక్ టక్.

వంటింట్లోంచి అమ్మ తొంగిచూసింది. "మూడుపార్లు కొట్టిండు గద. ఎన్కకు తియ్యి" అని మెల్లగా అంది.

నేను లేచి వంటింట్లోకి పోయాను.

"ఫరీదన్న హోటల్ కాడ ఒకటి అడిగితె ఒకటి చెప్పిండని నవ్విండ్రట. కొడుకు చెవి మిషన్ తెచ్చిస్తె సందుగల పెట్టిండు. ఇనవడ్తలేదని ఒప్పుకునే మనిషా ఆయన?" అంది అమ్మ, చాయ వడగడుతూ. "రెండోపారి పెడితె సగం, మూడోపారికి మొత్తం అందుతుండె. మీ బాపు ఆ మొద్దుతనం తన నెత్తి మీదేసుకున్నడు. నాకు గూడ డబ్బా నిండిననాడే చెప్పిండు."

తిరిగి వచ్చి వెనక్కి తిప్పాను. వార్తలమ్మాయి మళ్లీ మొదలుపెట్టింది.

ఫరీద్ కాక నా వైపు తిరిగాడు. "ఏమైంది బిడ్డా, ఎన్కకు వోయినవ్?"

"నాకు సమజ్ కాలె కాకా" అన్నాను, కొంచెం గట్టిగా.

ఆయన తల ఊపాడు. "మీ బాపు తీరే. ఆయినెకు గూడ ఒక్కసారికి ఏది ఎక్కకపోతుండె. నేను గాబట్టి ఇన్నేండ్లు ఓపిక పట్టిన."

వార్త అయిపోయింది. ఉంగరం రెండుసార్లు మోగింది. ముందుకు పోనిచ్చాను.