వంగపండు రంగు చీర, రెండు బల్బులు

ఆ రోజుల్లో మా ఇంట్లో అందరూ అందంగా ఉండేవారు. ఇందులో మా గొప్పతనం ఏమీ లేదు, అదంతా పసుపు బల్బుల చలవ. చార్మినార్ దగ్గర హుస్సేనీ ఆలంలో మాది రెండు పెద్ద గోడల మధ్య ఇరుక్కున్న పాత ఇల్లు. పట్టపగలు కూడా లోపలి గదిలో లైటు వేస్తే తప్ప మనిషి కనపడడు. అక్కడ అరవై వాట్ల గుండు బల్బు వెలిగితే గోడల పెచ్చులు మాయమయ్యేవి, మా బాపు నుదుటి మీద ముడతలు మాయమయ్యేవి. నేనైతే అద్దంలో చూసుకుని, ఇంత కళగల మొహానికి సంబంధాలు ఎందుకు ఆలస్యమవుతున్నాయా అని ఆశ్చర్యపోయేవాణ్ని. (ఎండలో తీసిన నా ఫొటోలు చూసినవాళ్లెవరికీ ఆ ఆశ్చర్యం కలగలేదు.) ఊరంతా ఎల్ఈడీలకు మారిపోతున్న కాలం అది. బల్బును 'బుగ్గ' అనే మా అమ్మ, ఎల్ఈడీని అసలు బుగ్గగానే ఒప్పుకునేది కాదు. "దవఖాన్ల వెలుతురు గది. ఇంట్ల మనుషులుండాలె గని, పేషెంట్లుంటరా?" అనేది. పాత బల్బులు దుకాణాల్లో దొరకడం తగ్గిందని తెలిసి మా బాపు ఎక్కడ కనపడితే అక్కడ కొని, ఇనుప పెట్టెలో పాత లుంగీల మధ్య చుట్టి దాచాడు. ఆ పెట్టెకు తాళం కూడా ఉండేది.

అలాంటి మా ఇంటికి సంతోష్‌నగర్ నుంచి సంబంధం కుదిరింది. వాళ్లు కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు, అమ్మాయి తండ్రి ప్రభుత్వ ఉద్యోగి. ఆయన ఇంట్లో మెట్ల దగ్గర నుంచి దేవుడి గూటి దాకా అన్నీ ఎల్ఈడీలే. పెళ్లిచూపుల్లో అమ్మాయి ఇంకా బయటికి రాకముందే ఆయన మాకు ఎల్ఈడీ మహాత్మ్యం వినిపించారు. పాత బల్బు ఒకటి మింగే కరెంటుతో ఇవి అరడజను వెలుగుతాయట, ముట్టుకున్నా చెయ్యి కాలదట, ఏళ్ల తరబడి మార్చక్కర్లేదట. "పాత బల్బంటే కుంపటండీ బావగారూ. పక్కపని కింద కాస్త వెలుగిస్తుందంతే" అన్నారు. మా బాపు ఆ మాటను మిక్చరుతో కలిపి నమిలి మింగేశాడు. ఆ తెల్ల వెలుతురులో మేం ముగ్గురం సోఫాలో టైఫాయిడ్ నుంచి అప్పుడే లేచినవాళ్లలా కూర్చున్నాం. ఆ అమ్మాయి మాత్రం ఆ వెలుతురులో కూడా చక్కగా ఉంది. అది చూసి నేను ఇంకేమీ చూడలేదు.

నిశ్చితార్థానికి మగపెళ్లివారు చీర, గాజులు ముందుగా పంపడం ఆనవాయితీ. అమ్మాయికి వంగపండు రంగు ఇష్టమని కబురు వచ్చింది. చీర మధ్యాహ్నం పూట, ఎండ వెలుతురులో కొన్నాం కాబట్టి దానితో పేచీ లేదు. మిగిలింది గాజులు. "చార్మినార్ పక్కన పుట్టి పెరిగినోళ్లం. గాజులల్ల తక్కువ పడితే ఇజ్జత్ పోతది" అంది అమ్మ. కాబోయే భర్తగా నా మొదటి ఘనకార్యం ఇదే కావాలనుకుని నేనే తెస్తానని చీర సంచీలో పెట్టుకుని బయలుదేరాను. గాజుల బజారు చేరేసరికి వాన. దుకాణం నిండా పసుపు బల్బులు, వాటి కింద లక్క గాజుల మీది రాళ్లు తళతళలాడుతున్నాయి. దుకాణం భాయ్ పాపం నిజాయితీపరుడు, వాన తగ్గాక బయట వెలుతురులో ఒకసారి చూసుకోమన్నాడు. నాకెందుకో అది నా కళ్లను తక్కువ చేసినట్టనిపించింది. వద్దని, చీర మీద పరిచి చూసి, అచ్చం అదే రంగు జత ఒకటి కట్టించుకుని వచ్చాను. ఇంట్లో మా బల్బు కింద అమ్మ చూసింది, బాపు కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. ఇద్దరూ మస్తు కలిసినయన్నారు. ఆ రాత్రి నా మీద నాకు చాలా గౌరవం కలిగింది.

మర్నాడు సాయంత్రం సంతోష్‌నగర్ హాల్లో, మామగారి ఎల్ఈడీ కింద ఆ మూట విప్పాం. చీర వంగపండు రంగులోనే ఉంది. గాజులు బీట్‌రూట్ రంగులో ఉన్నాయి. నేను కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. బీట్‌రూటే. కాబోయే అత్తగారు మర్యాదస్తురాలు, "రాళ్లు బాగా మెరుస్తున్నాయండీ" అని, రంగు సంగతి ఎత్తకుండా మిగతావన్నీ మెచ్చుకున్నారు. కానీ పక్కనే అమ్మాయి మేనమామ ఉన్నాడు. ఆయనది ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం, మనుషులు దాచిపెట్టే జబ్బులు బయటికి లాగడం ఆయన రోజూ చేసే పని. కాఫీ తాగుతూ, ఏదో కాలక్షేపానికన్నట్టు, ఆ దిండు గలీబు ఏ రంగు బాబూ అన్నాడు. నీలం అన్నాను. ఆ పూలసజ్జ? ఎరుపు అన్నాను. మరి ఈ కర్టెను? అక్కడ నేను తడబడ్డాను. (ఆ కర్టెను రంగుకు ఇప్పటికీ పేరు లేదు. ఎవరినైనా తీసుకెళ్లి చూపించమంటే చూపిస్తాను.) ఆయన కళ్లు మూసుకుని నిదానంగా తల పంకించాడు. గాజులు మార్చి తెస్తామని చెప్పి, చీరతో సహా మూట కట్టుకుని ఇంటికొచ్చాం.

తెల్లారగానే మామగారి ఫోన్. మా బావమరిది మీ అబ్బాయిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటున్నాడు, ఊరికే, మామూలుగా అని ఆయన మొహమాటపడుతూ చెప్పారు. నన్నడిగితే కంటి డాక్టరు దగ్గరికేం, పళ్ల డాక్టరు దగ్గరికైనా వెళ్లేవాణ్ని. కానీ మా బాపు భగ్గుమన్నాడు. "మా పోరని కండ్లకేమైంది? పరీచ్చకు పోయినమంటే ఒప్పుకున్నట్టే. ఇష్టముంటే చేసుకోమను, లేకుంటే లేదు" అన్నాడు. అవతల మామగారు కూడా, అయితే ఆలోచించుకుని చెప్తామండీ అని ఫోన్ పెట్టేశారు. ఆలోచించుకుని చెప్తాం అంటే ఏమిటో సంబంధాలు చూసినవాళ్లందరికీ తెలుసు. ఇంకో గంటకు ఆ అమ్మాయే ఫోన్ చేసింది. మా ఇద్దరి మధ్య అదే మొదటి మాట.

"మీకు నిజంగా రంగులు తెలుస్తాయా?"

"తెలుస్తయండి. దేవుని మీద ఒట్టు."

"పెళ్లిచూపుల రోజు నేను ఏ రంగు చీర కట్టుకున్నాను?"

నేను ఆమె మొహం తప్ప ఏమీ చూడలేదని చెప్పే ధైర్యం నాకు లేదు. లైట్ కలర్ అన్నాను. ముదురాకుపచ్చట. ఆమె పెద్దగా నిట్టూర్చి ఫోన్ పెట్టేసింది.

ఆ దిగులులో చీర, గాజులు పట్టుకుని వాకిట్లో కూర్చున్నాను. చూద్దును కదా, ఎండలో గాజులు బీట్‌రూటే. లోపలికి పరుగెత్తాను, వంగపండు. బయటికొచ్చాను, బీట్‌రూట్. అలా లోపలికీ బయటికీ తిరుగుతుంటే ఎదురింటి ఖాలా ఏమైంది బేటా అని అడిగింది. నా కళ్లు బాగానే ఉన్నాయి, తప్పంతా బుగ్గదే అని అరిచినంత పనిచేశాను. కానీ అమ్మ కొత్త చిక్కు తెచ్చిపెట్టింది. గాజులు మార్చినా వాళ్లింట్లో కలిసి మనింట్లో కలవకపోతే ఎట్ల, రేపు చుట్టాలొచ్చేది మనింటికే కదా అంది. అది కూడా నిజమే అనిపించింది. వెంటనే ఒక చెక్కకు రెండు హోల్డర్లు బిగించి, ఒకదానికి మా ఇనుప పెట్టెలోని గుండు బల్బు, ఇంకోదానికి కొత్తగా కొన్న ఎల్ఈడీ తగిలించి, వైరు మెడలో వేసుకుని, చీర సంచీతో మళ్లీ గాజుల బజారుకు వెళ్లాను.

మొదటి దుకాణంలో నన్ను చూడగానే, "కంపెనీ వాలే హై క్యా భాయ్? బల్బ్ నక్కో, పోయిన నెలనే ఏసినం" అని, నన్ను బల్బులమ్మేవాడనుకుని పంపించేశారు. రెండో దుకాణంలోనూ అదే మర్యాద. మూడోచోట గాజులు వేయించుకుంటున్న ఒకావిడ బల్బు ఎంతకిస్తావని అడిగింది. చివరికి వాన రోజు నాకు గాజులమ్మిన భాయ్ దగ్గరికే పోయి, ప్లగ్గు పెట్టుకోనిమ్మని బతిమాలుకున్నాను. ఆయన ఒక్కొక్క జతే తీయడం, నేను ఒకసారి పసుపు వెలుతురులో, ఒకసారి తెల్ల వెలుతురులో చూడటం. పసుపులో కలిసినవి తెలుపులో కలవలేదు, తెలుపులో కలిసినవి పసుపులో మట్టి కొట్టుకుపోయాయి. చుట్టూ జనం చేరారు. కొందరు పసుపు పక్షం, కొందరు తెలుపు పక్షం, తలా ఒక సలహా. ఈ లొల్లిలో నేను ఎల్ఈడీ కింద చీర కొంగు పట్టుకుని, మా గుండు బల్బు ఎక్కడ ఆనించానో చూసుకోలేదు. ఏదో కమురు వాసన వచ్చింది. చూస్తే బల్బు గాజుల పళ్లెంలో పడి ఉంది. లక్క మెత్తబడి, రెండు గాజులు బల్బుకు బిగుసుకుని ఊడిరావడం లేదు. కంగారులో లాగబోయి వేలు కాల్చుకున్నాను. మామగారు చెప్పిన కుంపటి మాట అప్పుడు నాకు బాగా అర్థమైంది. భాయ్ కోప్పడలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "మియా, చూడియా దుల్హన్ కో పెహనాతే. బల్బ్ కో నక్కో పెహనావ్" అన్నాడు, గాజులు తొడగాల్సింది పెళ్లికూతురికి గానీ బల్బుకు కాదని. జనం నవ్విన నవ్వుకు పక్క దుకాణాలవాళ్లు కూడా వచ్చి చూసిపోయారు.

ఇక మిగిలింది ఒకటే దారి. పాత గాజులు, చీర, ఇనుప పెట్టెలోంచి ఇంకో బల్బు తీసుకుని, వేలికి గుడ్డ చుట్టుకుని, అమ్మానాన్నలను బతిమాలి సంతోష్‌నగర్ తీసుకెళ్లాను. నా కళ్లలో లోపం లేదు, మీ హాల్లో ఒక్క నిమిషం ఈ బల్బు వెలిగించనివ్వండి, రుజువు చేస్తాను అన్నాను. మామగారు ఆ బల్బును చూసి ముఖం చిట్లించారు. తన ఇంట్లో ఆ కుంపటిని వెలిగించేది లేదన్నారు. మా బాపు లేచి నిలబడ్డాడు. చెప్పులు వేసుకుంటే అయిపోయినట్టే. అప్పుడు ఆ అమ్మాయి లోపలి నుంచి స్టూలు తెచ్చి వేసి, ఎవరినీ అడగకుండా ఎక్కి, ఎల్ఈడీ తీసి మా బల్బు పెట్టి స్విచ్చి వేసింది.

హాలంతా పసుపుపచ్చగా మారింది. గాజులూ చీరా ఒక్కటైపోయాయి. అందరూ ముందుకు వంగారు. అత్తగారు గాజుల సంగతి మరిచి మామగారి వైపే చూస్తూ, "ఈ వెలుతురులో మీరు కాస్త బావున్నారండీ" అన్నారు. ఆయన చెయ్యి దానంతటదే జుట్టు మీదికి పోయింది. మేనమామ మాత్రం వదల్లేదు. తన ప్యాంటు చూపించి రంగు చెప్పమన్నాడు. నలుపు అన్నాను. దొరికావురా అన్నట్టు, అది నేవీ బ్లూ బాబూ అన్నాడు. మామగారు వంగి చూసి, నల్లగానే ఉందిరా అన్నారు. మేనమామ తన కాళ్లవైపు చూసుకుని, బాల్కనీలోకి వెళ్లి చూసుకుని, తిరిగొచ్చి, బయట నీలమే, లోపల నలుపే అని ఒప్పుకుని కూర్చున్నాడు. కోర్టు కేసు కొట్టేసినట్టు నా కళ్లకు విముక్తి దొరికింది.

కానీ బల్బు తీసి ఎల్ఈడీ పెట్టగానే గాజులు మళ్లీ బీట్‌రూట్. అసలు రంగు ఏ వెలుతురులోదని బాపు, మామగారు పట్టు పట్టారు. మీరు చూపించేది మోసమండీ అని మామగారు, మీది మనుషులను భయపెట్టే వెలుతురని బాపు. రెండింట్లోనూ కలిసే గాజులు బజారు మొత్తంలో లేవని నేను వేలు చూపించి చెప్పినా ఎవరూ వినలేదు. అత్తగారు దిగులుగా, అయితే ఎలాగండీ, కలవని గాజులతో పిల్లను ఎలా కూర్చోబెడతాం అన్నారు.

"ఇవే ఉంచండి" అంది ఆ అమ్మాయి.

"కలవలేదు కదే."

"మనింట్లో కలవవు. వాళ్లింట్లో కలుస్తాయిగా. నేను వెళ్లేది వాళ్లింటికే కదమ్మా."

మా అమ్మ కళ్లు తుడుచుకుని, రా బిడ్డా అని దగ్గరికి పిలిచి, అప్పటికప్పుడు ఆమె చేతులకు ఆ గాజులు తొడిగింది. బాపు కూర్చున్నాడు. మామగారు ఇంకోసారి కాఫీ పెట్టమన్నారు. నేను తల ఎత్తి ఆమెను చూడలేకపోయాను, చూస్తే అందరి ముందూ ఏడ్చేస్తానేమోనని భయం వేసింది.

పెళ్లయిన మూడో నెలలో ఆవిడ మా ఇంట్లో బల్బులన్నీ తీయించి ఎల్ఈడీలు పెట్టించింది. బియ్యంలో రాళ్లు కనపడటం లేదంది. దవఖానా వెలుతురని ఎగిరిన మా అమ్మ, సూదిలోకి దారం ఒక్కసారికే ఎక్కేసరికి దాన్నీ బుగ్గేనని ఒప్పుకుంది. బాపు మాత్రం కొన్నాళ్లు అద్దం వైపు వెళ్లడం మానేశాడు. అలా ఇప్పుడు ఆ గాజులు ఆ చీరకు మా ఇంట్లోనూ కలవవు, వాళ్లింట్లోనూ కలవవు. అయినా ప్రతి పెళ్లిరోజుకూ ఆవిడ రెండూ కలిపే వేసుకుంటుంది. చూసినవాళ్లు వేరే గాజులు లేవా అని అడిగితే, ఉన్నాయండీ, ఇవి మావారు ఎంచినవి అని గట్టిగా చెప్తుంది. మా నిశ్చితార్థం ఫొటోలో కూడా ఫ్లాష్ వెలుతురులో వంగపండు పక్కన బీట్‌రూట్ స్పష్టంగా కనపడుతుంది. పక్కన వేలికి గుడ్డ చుట్టుకుని, అన్నీ అచ్చంగా కలిశాయన్న ధీమాతో పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న ఆ కుర్రవాణ్ని చూస్తే నాకు నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది.