బెల్లం ఓపెనింగు

ఎందుకో తెలియకుండా కంఠస్థం చేసినదాన్ని చేతపట్టుకుని, ఎదుటివాణ్ణి మూఢుడని మీరెప్పుడూ వెక్కిరించలేదా? నిజం చెప్పండి. నేను వెక్కిరించాను. ఆ రోజుల్లో, అంటే యుద్ధం సాగుతూ కిరసనాయిలు కోసం జనం బారులు తీరే రోజుల్లో, బెజవాడ గవర్నర్‌పేటలో ఒక బీమా ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఆరు రోజులు కాగితాలు నకలు రాసి, ఏడో రోజు సాయంత్రం చర్చాసభలో జాతకాల మీద, శకునాల మీద, ముహూర్తాల మీద నిప్పులు కురిపించేవాణ్ణి. (ఆ నిప్పులకు కాలినవాళ్లు లేరు. సభకు వచ్చేది పదకొండు మంది, అందరూ నావంటివాళ్లే.)

అలాంటి నాకు వన్ టౌన్‌లో ఒక చేనేత బట్టల వ్యాపారి కూతురితో సంబంధం కుదిరింది. ఆయన పంచాంగం చూడనిదే గొడుగు కూడా విప్పని మనిషి. ముహూర్తమూ పురోహితుడూ లేని పెళ్లి కావాలని నేనన్నాను. అయితే అల్లుడు లేని పెళ్లి చేస్తానని ఆయనన్నారు. మూడు నెలలు వాదించుకున్నాక ఆయనే దారి చూపించారు. చదరంగమంటే ఆయనకు ప్రాణం.

"మాటల్లో నిన్ను గెలవలేనయ్యా. బల్ల ముందు కూర్చో. దసరా లోపల నన్ను ఒక్క ఆట ఓడించు, నీ ఇష్టప్రకారమే పెళ్లి చేస్తా. ఓడించలేకపోయావా, నేను పెట్టిన ముహూర్తానికి నోరు మూసుకుని పీటల మీద కూర్చోవాలి."

ఒప్పుకున్నాను. మూఢనమ్మకం మీద హేతువుకు గెలుపు ఖాయం కదా. పాత పుస్తకాల కొట్టులో చదరంగం ఓపెనింగుల మీద, అంటే ఆట మొదలుపెట్టే పద్ధతుల మీద, ఒక ఇంగ్లీషు పుస్తకం కొని, ఒక్కొక్క ఓపెనింగులో పన్నెండేసి ఎత్తులు బట్టీ పట్టసాగాను. ఏ ఎత్తు ఎందుకు వేయాలో నాకు తెలియదు. పుస్తకంలో ఉంది, పైగా ఇంగ్లీషులో ఉంది, అంతకంటే ప్రమాణం ఏం కావాలి? తెల్లవారుజామున నేను వల్లె వేయడం విని, గదిలో నాతో ఉండే మిత్రుడు, "ఏ దేవుడి మంత్రమండీ ఇది?" అని వినయంగా అడిగాడు. వాడితో రెండు రోజులు మాట్లాడలేదు.

మొదటి ఆదివారం కొట్టు అరుగు మీద ఆటకు కూర్చుని, పుస్తకం చెప్పినట్టు రాజు ముందరి బంటును ఠీవిగా రెండు గళ్లు జరిపాను. కాబోయే మామగారు దాన్ని రెండు వేళ్లతో తీసి ఒక గడి వెనక్కు పెట్టారు. మన దేశపు ఆటలో బంటు ఒక్క గడే నడుస్తుందట. నా విద్య మొదటి ఎత్తులోనే ఆగిపోయింది. తరువాతి ఆదివారాలు ఇంకా ఘోరం. ఆయన బలగం ముందుకే గాని వెనక్కు రాదు. చావు కళ్లెదుట కనిపిస్తున్నా గుర్రాన్ని వెనక్కు తీసేవారు కారు. ఇంతటి సాహసాన్ని తట్టుకునే ఓపెనింగు పుస్తకమంతా వెతికినా దొరకలేదు. అయిదు ఆదివారాలు, అయిదు ఓటములు.

ఒక శనివారం ఆఫీసు త్వరగా వదిలిపెడితే అటు వెళ్లాను. ఆయన పక్క కొట్టు షావుకారుతో ఆడుతున్నారు. పావును ముందుకు జరిపినప్పుడల్లా ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుంటున్నారు. కారణం అడిగాను.

"నేను కూర్చునేది తూర్పు ముఖంగా గదయ్యా. శనివారం తూర్పు శూల. ఆ దిక్కుకు మనం ప్రయాణం చేయనప్పుడు బలగాన్ని మాత్రం ఎట్లా పంపిస్తాం? కాస్త బెల్లం నోట్లో పడితే దోషం పోతుంది."

"మరి ఆదివారం?"

"ఆదివారం పడమర శూల. అందుకే వెనక్కు రాను."

ఇన్నాళ్లూ నేను సాహసమని భయపడింది వారశూల అన్నమాట. ఆ సాయంత్రమే ఒక పంచాంగం కొని, చదరంగం పుస్తకం అట్టలో దాచి చదివాను. ఓపెనింగులను మళ్లీ మొదటినుంచి పరీక్షించాను. ఏది బలమైనదన్న ప్రశ్న వదిలేశాను. దేంట్లో ఎదుటివాడు గడి గడికీ ముందుకు జరగాలి, నడుమ బంట్లు అడ్డంపడి ఆట ఎంతకూ తెగదు, అదే నా ప్రశ్న. అలాంటిది ఒకటి దొరికింది. దానికి నేను పెట్టుకున్న పేరు బెల్లం ఓపెనింగు.

దసరా ముందు శనివారం ఆడదామన్నాను. ఆయన నావంక ఒక్క క్షణం చూసి, లోపలినుంచి అచ్చు బెల్లం తెప్పించుకున్నారు. పదో ఎత్తుకు చెమట పట్టింది. ఇరవయ్యో ఎత్తుకు మంచినీళ్లడిగారు. ముప్పయ్యో ఎత్తు దగ్గర (ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గే) ఆయన గుర్రం ముందుకు ఒక్క గెంతు గెంతితే నా ఆట కట్టు. అది ఆయనకూ కనిపిస్తోంది. బెల్లం ముక్క తీసి పెదవుల దాకా తెచ్చారు, దించారు. మళ్లీ తెచ్చారు.

"ఇక నావల్ల కాదయ్యా," అని రాజును పడుకోబెట్టేశారు.

నేను విజయగర్వంతో లేవబోతుంటే ఆయన నెమ్మదిగా అడిగారు. "గెలిచావు, మాట తప్పను. కాని ఈ రోజెట్లా ఎంచుకున్నావు?"

అబద్ధం ఆడటం నా సిద్ధాంతానికి విరుద్ధం. పంచాంగం చూశానన్నాను.

"ఆటలో నేను దిక్కే చూస్తా. నువ్వు ఆటకు రోజు కూడా చూశావు. పురోహితుడితో పనేముంది, ఆ ముహూర్తమేదో నువ్వే పెట్టెయ్."

కొట్టంతా నవ్వింది. అప్పుడు, తండ్రికి మజ్జిగ తెచ్చిన పెళ్లికూతురు గ్లాసు కింద పెట్టి నావైపు తిరిగింది.

"సభల్లో స్త్రీల స్వేచ్ఛ గురించి గంటలకొద్దీ మాట్లాడతారటగా. నా పెళ్లిని పందెం కాసేముందు నన్నడగడానికి మీకొక్క నిమిషం దొరకలేదా అండీ?"

బట్టీ పట్టిన పన్నెండేసి ఎత్తులూ పక్కన పెట్టాను. ఏం కావాలో చెప్పమన్నాను. తన టీచరు ట్రైనింగు పరీక్షలైన మర్నాడు పెళ్లి, పురోహితుడు వద్దు, సన్నాయి మాత్రం ఉండాలి అంది. (సన్నాయికి వ్యతిరేకంగా కూడా నేనొక ఉపన్యాసం ఇచ్చి ఉన్నాను.) అలాగే జరిగింది. ఆ రోజు ఎలాంటిదో మామగారు పంచాంగంలో చూసే ఉంటారు. నేనూ చూశాను, అబద్ధమెందుకు.

పదకొండు మందికి స్వేచ్ఛ బోధించి, అడగవలసిన ఒక్క మనిషిని అడగని ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, కాస్త జాలీ కలుగుతుంది. మీ ఇంట్లో పెళ్లిమాటలు నడుస్తున్నాయా? అయితే ఇది పక్కన పెట్టి లేవండి. ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి, నీకేం కావాలని అడగండి. ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి.