తాడు వదిలిన ఆండాలు

పొద్దున లేవగానే ఆండాలు నోటి నుంచి వచ్చే మొదటి తిట్టు బర్రెకే. "ఏమే రాణీ, ఇంకా నెమరేస్తనే ఉన్నవా? లే!" అంటేగానీ రాణి పాలు చేపదని ఆమె నమ్మకం.

మొన్న వానాకాలం, పట్టపగలు ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. పట్నంలోని గౌలిపుర సందులో నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. వాళ్ళ కొట్టం పల్లంలో ఉంది, అక్కడ ఇంకా లోతు. మిగతా మూడు బర్రెలు ముందే గట్టెక్కాయి. నెలలు నిండిన రాణి మాత్రం కదలనని మొరాయించింది. జారి పడితే తల్లీ దక్కదు, దూడా దక్కదు.

భర్త రామ్‌చందర్ తాడు పట్టి గుంజుతున్నాడు. పక్కింటి మల్లన్న వెనక నుంచి తోస్తున్నాడు. కొడుకు నందు గోడెక్కి ఫోన్ చూస్తున్నాడు.

"ఏం జూస్తున్నవ్‌రా?"

"బర్రెను నీళ్ళల్ల ఎట్ల నడిపియ్యాలెనో వీడియో ఉంటదేమోనని, అమ్మా."

"నీ వీడియో దొరికేసరికి అది ఈనుతది!"

బిగిసిన ఆ తాడు చూసేసరికి ఆండాలుకు పుట్టిన ఊరి వాగు గుర్తొచ్చింది. యాచారం అవతల వాళ్ళ ఇంటికీ మేత బీళ్ళకీ నడుమ వాగే. ఏడేళ్ళప్పుడు, పెద్దదాన్నైపోయానని, బర్రెను తాడు పట్టి తనే దాటించబోయింది. అది నడి వాగులో హాయిగా కూర్చుంది. తాడు వదిలితే బర్రె పోతుంది, వదలకపోతే తను పోతుంది. మెడలోతు నీళ్ళలో ఒకటే ఏడుపు. ఒడ్డున బాపు పొట్ట పట్టుకొని నవ్వాడు.

"తాడిడువు బిడ్డా. నీళ్ళల్ల బాట దానికి ఎరుక, నీకేం ఎరుక? తోక పట్టుకో, అదే తీస్కపోతది."

ఆ ఏడంతా తోక పట్టుకొని తేలుతూనే వాగు దాటింది.

"ఓ నందు బాపూ, తాడిడువు," అని మొగుణ్ణి కేకేసింది ఆండాలు.

"పిచ్చి లేసిందానే? మురుగు మోరీల పడ్తది!"

"నువ్వు గుంజుతున్నదే మోరీ దిక్కు. ఇడువు."

తనే వెళ్ళి తాడు విప్పేసింది. తోక పట్టుకొని "హా, నడువు మహారాణీ" అంది. రాణి నీళ్ళు వాసన చూసింది. కదల్లేదు. ఆండాలు తోక వదల్లేదు. అప్పుడు బర్రె గోడకు ఒరుసుకుంటూ, గిట్టతో నేల తడుముకుంటూ, ఒక్కో అడుగే వేసి రోడ్డెక్కింది.

"వదినా," అన్నాడు మల్లన్న రొప్పుతూ, "నన్ను గూడ గిట్లనే అఫ్జల్‌గంజ్ ట్రాఫిక్ దాటియ్యరాదూ!"

నాలుగో రోజు రాణి ఈనింది. పెయ్య దూడ.

ఆండాలుకు ఇప్పుడు యాభై రెండేళ్ళు. గౌలిపురలో ఇరవై ఇళ్ళకు పాలు పోస్తుంది.